రక్తం ఎన్ని ప్యాకెట్లు తేవాలి డాక్టరమ్మా?

(హనుమకొండలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక మత్తు వైద్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనక గోడకు ఆనుకొని నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. మోకాళ్ల గురించి చెప్పే సభలో మిమ్మల్ని గంటసేపు నిలబెడితే బాగుండదు.

నేను మత్తు డాక్టర్ని. మోకీలు మార్చేది ఎముకల డాక్టర్. ఆపరేషన్ బాగా అయ్యిందంటే స్వీటు డబ్బా ఆయన చేతికే పోతుంది, మరునాడు వార్డులో నన్ను గుర్తుపట్టేవాళ్లు కూడా ఉండరు. (నవ్వులు) అయినా ఇవాళ్టి విషయం నేనే చెప్పాలి. ఆపరేషన్ గదిలో రక్తం లెక్క చూసుకునేది మేమే కాబట్టి.

మోకీలు మార్పిడి అనగానే ఇంట్లోవాళ్లు ముందు ఖర్చు అడుగుతారు. ఆ వెంటనే, "రక్తం ఎన్ని ప్యాకెట్లు తేవాలి డాక్టరమ్మా?" అంటారు. కొడుకు అప్పటికే పరకాలలో ఉన్న బామ్మర్దికి, నర్సంపేటలో ఉన్న దోస్తుకు ఫోన్లు చేసి ఉంటాడు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో తెలిసినవాళ్లు ఎవరున్నారని వాకబు మొదలుపెడతాడు. వాళ్లకు నేను చెప్పే జవాబు ఒకటే. చాలామందికి ఒక్క ప్యాకెట్ కూడా అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేకుండా పోయింది, ఇంకా ఎవరికి అక్కర పడుతుంది అనేదే ఇవాళ నేను చెప్పబోయేది.

ముందు రక్తం ఎక్కడ పోతుందో చూద్దాం. మోకాలి ఆపరేషన్‌లో తొడకు ఒక బెల్టు చుట్టి గాలి కొడతారు. బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ లాంటిదే, కొంచెం వెడల్పుది. దాంతో కాలికి రక్తం రావడం ఆగుతుంది, సర్జన్‌కు లోపల శుభ్రంగా కనిపిస్తుంది. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగం కోసి, లోహపు భాగాలు సిమెంటుతో అతికిస్తారు. ఇంతవరకు నేల మీద రక్తం పెద్దగా కనిపించదు. బయట కూర్చున్న కొడుక్కి సర్జన్ వచ్చి "రక్తం ఏమీ పోలేదు" అంటే అదీ నిజమే.

అసలు సంగతి బెల్టు వదిలాక మొదలవుతుంది. కోసిన ఎముక స్పాంజీ లాగా ఉంటుంది. అందులో ముడివేయడానికి రక్తనాళం అంటూ విడిగా దొరకదు. అంతటా ఊరుతూనే ఉంటుంది. ఆ ఊట ఆపరేషన్ రోజు సాయంత్రం దాకా, కొందరికి మరునాటి దాకా సాగుతుంది. కొంత గాయం దగ్గర పెట్టిన గొట్టం గుండా డ్రెయిన్ బాటిల్‌లోకి వస్తుంది, కొంత పట్టీకి అంటుతుంది. మిగిలింది కీలులో, తొడ కండరాల్లో, చర్మం కింద చేరుతుంది. మూడో రోజు కాలు చూస్తే తొడ నుంచి మడమ దాకా నల్లగా కమిలి ఉంటుంది చూడండి, అదే. మొత్తం పోయిన రక్తంలో దాదాపు సగం ఇలా కంటికి కనపడకుండా పోతుందని లెక్కలు కట్టారు. ఇప్పుడు చెప్పబోయే మందు వాడని రోజుల్లో ఈ మొత్తం ఒక లీటరు నుంచి లీటరున్నర దాకా ఉండేది. అరవై కిలోల ఆడమనిషి ఒంట్లో ఉండేదే సుమారు నాలుగు లీటర్లు. అంటే పావు వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పోయినట్టు. ఆపరేషన్ ముందు హిమోగ్లోబిన్ పన్నెండు ఉన్నావిడకు మూడో రోజు తొమ్మిదికి దిగేది. ముందే పది ఉంటే ఏడుకు. అప్పుడు రాత్రిపూట రక్తం కోసం ఉరుకులాట.

దీన్ని మార్చిన మందు పేరు ట్రానెక్సామిక్ యాసిడ్. పలకడం కష్టమనిపిస్తే చీటీ మీద రాయించుకోండి. అది ఏం చేస్తుందో అర్థమైతే మీ భయాల్లో సగం పోతాయి, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మన ఒంట్లో రక్తం గడ్డకట్టడం ఒక పని. కట్టిన గడ్డను మెల్లగా కరిగించి శుభ్రం చేయడం ఇంకో పని. రెండూ పక్కపక్కనే నడుస్తుంటాయి. గాయమైన చోట ఫైబ్రిన్ అనే దారాలు అల్లుకొని రంధ్రం మూసేస్తాయి. ప్లాస్మిన్ అనే పదార్థం వచ్చి ఆ దారాలను తెంపుతుంది. మామూలు రోజుల్లో ఇది మంచిదే, లేకపోతే ఎక్కడి గడ్డలు అక్కడే ఉండిపోతాయి. పెద్ద ఆపరేషన్ అయినప్పుడు, అందులోనూ తొడ బెల్టు వదిలినప్పుడు, ఈ తెంపే పని ఒక్కసారిగా ఎక్కువైపోతుంది. మీలో చాలామందికి పొలం ఉంది కదా. నాటు వేసి ఒడ్డు గట్టిగా పెడతారు, తెల్లారేసరికి మడిలో నీళ్లుండవు. ఎండ్రికాయలు ఒడ్డుకు బొక్కలు పెట్టి ఉంటాయి. ఈ మందు ఒడ్డు మీద కొత్తగా మట్టి పోయదు. ఎండ్రికాయలను ఒడ్డు దగ్గరికి రానివ్వదు, అంతే.

ప్లాస్మిన్ తయారు కావడానికి ముందున్న రూపం ఫైబ్రిన్ దారాన్ని లైసిన్ అనే చోట పట్టుకుంటుంది. ఈ మందు చూడటానికి లైసిన్ లాగే ఉంటుంది. అది ముందే పోయి ఆ పట్టును ఆక్రమించేస్తుంది. కాబట్టి ఇది కొత్తగా గడ్డలు పుట్టించే మందు కాదు, గాయం దగ్గర పుట్టిన గడ్డను తొందరగా కరగనివ్వని మందు. "గుండెలో గడ్డ కడుతుందేమో" అని మీరు అడిగినప్పుడు నేను ఇక్కడి నుంచే చెప్పడం మొదలుపెడతాను.

ఈ మందును కనిపెట్టినావిడ గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. జపాన్‌లో ఉతాకో ఒకామోతో అనే డాక్టర్. భర్త షోసుకే ఒకామోతో కూడా పరిశోధకుడే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ దేశంలో లాబ్‌లకు డబ్బు లేదు. రక్తం మీద పని చేస్తే, కరువొచ్చినా తమ రక్తమే తీసుకొని పని సాగించవచ్చని దాన్ని ఎంచుకున్నారు. పాపను చూసుకునేవాళ్లు లేక వీపున కట్టుకొని లాబ్‌లో పని చేసింది ఆమె. 1962లో ఈ మందు గురించి ప్రకటించారు. కాన్పు తర్వాత రక్తం పోయి చనిపోయే తల్లులకు పనికొస్తుందని ఆమె ఆశ. అప్పటి ప్రసూతి డాక్టర్లు పరీక్షించి చూడటానికి ముందుకు రాలేదు. మందేమో పళ్లు పీకినప్పుడు, నెలసరిలో రక్తం ఎక్కువ పోయినప్పుడు ఇచ్చే చిన్న మందుగా ఏళ్ల తరబడి మూలన ఉండిపోయింది.

2010లో క్రాష్-2 అనే పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. 40 దేశాలు, 20 వేలకు పైగా రోగులు. రోడ్డు ప్రమాదాల్లాంటి వాటిలో దెబ్బలు తగిలి రక్తం పోతున్నవాళ్లు. మన దేశంలోని ఆస్పత్రులు కూడా అందులో ఉన్నాయి. దెబ్బ తగిలిన మూడు గంటల లోపు ఈ మందు ఇస్తే చావులు తగ్గాయి. ఆ తర్వాత 2017లో కాన్పు తల్లుల మీద, మళ్లీ 20 వేల మంది మీదనే, చేసిన పరీక్ష కూడా ఆమె చెప్పింది నిజమేనని తేల్చింది. అప్పటికి ఏడాది ముందే, 2016లో, తొంభై ఎనిమిదేళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. నాకు ఈ విషయంలో కొంచెం కోపమే ఉంది. అయిదు దశాబ్దాలు ఆగాల్సిన మందు కాదు అది.

మోకాళ్ల దగ్గరికి వద్దాం. 1990లలో స్వీడన్, ఫిన్లండ్ డాక్టర్లు దీన్ని మోకీలు మార్పిడిలో వాడి చూశారు. ఆ తర్వాత ప్రపంచమంతా వందలకొద్దీ అధ్యయనాలు వచ్చాయి. రక్తం ఎక్కించాల్సిన అవసరం సగానికి పైగా తగ్గింది. 2018లో అమెరికాలో ఎముకల డాక్టర్ల సంఘాలు, మత్తు డాక్టర్ల సంఘం కలిసి కూర్చొని, కీళ్ల మార్పిడిలో దీన్ని వాడమని మార్గదర్శకాలు రాశాయి. ఎముకల డాక్టర్లు, మత్తు డాక్టర్లు ఒక మాట మీదకు రావడం మీరనుకున్నంత తేలిక కాదు. (నవ్వులు)

ఇచ్చే విధానం పెద్ద కథ కాదు. కోత పెట్టకముందే సెలైన్ ద్వారా సుమారు ఒక గ్రాము, పది నిమిషాల్లో మెల్లగా. తొందరపడి తోస్తే బీపీ పడిపోతుంది. కొన్నిచోట్ల మూడు గంటల తర్వాత ఇంకో డోసు ఇస్తారు. కొందరు సర్జన్లు కుట్లు వేసే ముందు సెలైన్‌లో కలిపి కీలు లోపలే పోస్తారు. గోలీల రూపంలో అయితే ఆపరేషన్‌కు రెండు గంటల ముందు. ఏది మేలు అంటే, సరైన మోతాదులో ఇస్తే అన్నీ పనిచేస్తాయి. మీ డాక్టర్ ఏ పద్ధతికి అలవాటుపడ్డారో అందులో ఇవ్వనివ్వండి. దాని మీద వాదులాట పెట్టుకోవద్దు.

ధర గురించి అడుగుతారు కదా. మోకీలు ఇంప్లాంట్‌కు 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర కట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి పన్ను కాకుండా 54,720 రూపాయలు, అంతకు ముందు లక్షన్నర దాకా ఉండేది. దాని పక్కన ఈ మందు ఖర్చు బిల్లులో కంటికి ఆనదు. ఒక ప్యాకెట్ రక్తం తెచ్చి, పరీక్షించి, ఎక్కించే ఖర్చుతో పోల్చినా చాలా తక్కువ. రక్తం ఎక్కించుకోవడం కూడా ఊరికే కాదు. జ్వరం, దద్దుర్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, ఇన్ఫెక్షన్ రిస్కు కాస్త పెరగడం, ఇవన్నీ ఉన్నాయి. ఎండాకాలం కాలేజీలకు సెలవులిచ్చాక రక్తదాతలు దొరకరు. అప్పుడున్న నాలుగు ప్యాకెట్లు కాన్పు తల్లికో, తలసీమియా పిల్లలకో పోవాలి. మోకాలి ఆపరేషన్ ఆగగలదు, వాళ్లు ఆగలేరు.

ఇప్పుడు మీ వైపు పని. మందు ఒక్కటే అన్నీ చూసుకుంటుందని అనుకోవద్దు.

తెలంగాణలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో సగానికి మించి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ వయసు దాటినవాళ్లు బాగున్నారని కాదు, వాళ్లను లెక్కపెట్టలేదు. మా దగ్గరికి వచ్చే పెద్దమ్మలు ఏళ్ల తరబడి నాట్లు వేసినవాళ్లు, కలుపు తీసినవాళ్లు, పత్తి ఏరినవాళ్లు. మోకాళ్లలో గుజ్జు అరిగింది, నొప్పికి రోజూ గోలీ. ఆ నొప్పి గోలీలు ఏం చేస్తాయో ఎవరూ చెప్పరు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి ఏళ్లకేళ్లు వేసుకుంటే కడుపులో పుండ్లు పడతాయి, అక్కడి నుంచి తెలియకుండానే రక్తం కారుతుంది, హిమోగ్లోబిన్ తగ్గుతుంది. అదే గోలీ కిడ్నీని కూడా దెబ్బతీస్తుంది. నేను చెబుతున్న ట్రానెక్సామిక్ యాసిడ్ ఒంట్లోంచి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీ సరిగా పనిచేయకపోతే డోసు తగ్గించాలి. అంటే మోకాలి నొప్పికి మింగిన గోలీ, మోకాలి ఆపరేషన్‌లో రక్తం పోకుండా ఇచ్చే మందు దాకా వచ్చి అడ్డం పడుతుందన్న మాట. మీరు మింగినవన్నీ నాకు చెప్పాలి. ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లం గోలీలు కూడా. నేను తిట్టను.

హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు పన్నెండు, మగవాళ్లకు పదమూడు కంటే తక్కువ ఉంటే ఆపరేషన్ తేదీ పెట్టుకునే ముందే కారణం వెతకాలి. ఐరన్ తక్కువా, బి12 తక్కువా, కడుపులో పుండా, మొలల నుంచి రక్తం పోతుందా. ఐరన్ గోలీ అయితే నెల రోజులైనా టైమ్ ఇవ్వాలి, చాయ్‌తో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. టైమ్ లేకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది. మోకీలు మార్పిడి ఎమర్జెన్సీ కాదు. ముహూర్తం చూసుకొని, నాట్లు అయ్యాక, మనవరాలి పెళ్లి అయ్యాక అని మీరే వాయిదా వేసుకుంటారు కదా, రక్తం పెరిగే దాకా ఒక నెల వాయిదా వేయడానికి ఎందుకంత టెన్షన్?

రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లకు ఇంకో మాట. క్లోపిడోగ్రెల్ లాంటివి సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల ముందు ఆపుతాం. ఆస్పిరిన్‌ను మాత్రం గుండెలో స్టెంటు ఉన్నవాళ్లకు చాలాసార్లు కొనసాగిస్తాం. ఏది ఆపాలి, ఎప్పుడు ఆపాలి అన్నది గుండె డాక్టర్, మేము కలిసి చెబుతాం. "ఆపరేషన్ కదా, మంచిదని అన్నీ ఆపేశాను" అని వచ్చేవాళ్లను చూస్తే మాకు చెమటలు పడతాయి.

ఇంకో ప్రశ్న చదువుకున్నవాళ్లే ఎక్కువ అడుగుతారు. ముందు గడ్డ కరగకుండా మందు ఇచ్చి, తర్వాత గడ్డ కట్టకుండా ఇంకో మందు ఇస్తారేమిటి, ఇదేం తిరకాసు అని. నిజమే, మోకాలి ఆపరేషన్ తర్వాత పిక్కల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఆస్పిరినో, ఇంజెక్షనో కొన్ని వారాలు ఇస్తాం. ట్రానెక్సామిక్ యాసిడ్ మొదటి కొన్ని గంటల ఊట కోసం, ఒక్క రోజులో చాలావరకు మూత్రంలో పోతుంది. పిక్క గడ్డల ప్రమాదం రోజులు, వారాల మీద ఉంటుంది. దేని టైమ్ దానిది. అందుకే మేము నడవమంటే నడవాలి. ఆపరేషన్ అయిన రోజో, మరునాడో లేపి నడిపిస్తే "కొత్త కీలు కదిలిపోదా" అని కోడళ్లు అడ్డుపడతారు. కదలదు.

మా వైపు పని కూడా ఒకటి చెప్పాలి. ఈ మందు గాజు ఆంపుల్‌లో వస్తుంది. నడుములో మత్తు ఇవ్వడానికి వాడే మందు కూడా అలాంటి ఆంపుల్‌లోనే ఉంటుంది. ఒకదానికి బదులు ఇంకొకటి నడుములోకి పోతే తీవ్రమైన ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. కొన్ని దేశాల్లో ఇలా జరిగిందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక చేసింది. ఈ రెండింటినీ ఒకే ట్రేలో పెట్టకూడదు, పేరు పైకి చదివి ఇంకొకరికి చూపించాకే ఎక్కించాలి. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీరు టేబుల్ మీద పడుకొని ఉండగా మేమిద్దరం మందు పేరు గట్టిగా చదువుకుంటే, "వీళ్లకు తెలియదేమో" అని అనుకోవద్దు.

ఇక మీ ప్రశ్నలు.

(ఒకరు: నాకు స్టెంటు వేసి నాలుగేళ్లయింది. ఈ మందు నాకు పడుతుందా?)

సార్, ఒంట్లో ఇప్పుడు గడ్డ ఉండి వైద్యం జరుగుతున్నవాళ్లకు, ఫిట్స్ వచ్చేవాళ్లకు మేము వెనకాడతాం. పాత స్టెంటు ఉన్నంత మాత్రాన వద్దని ఇప్పుడు అనడం లేదు. 2022లో పాయిజ్-3 అని, గుండెది కాని ఆపరేషన్లు చేయించుకున్న తొమ్మిదిన్నర వేల మంది మీద పరీక్ష జరిగింది. వాళ్లలో గుండె జబ్బు రిస్కు ఉన్నవాళ్లు చాలామంది. మందు తీసుకున్నవాళ్లలో పెద్ద రక్తస్రావం తగ్గింది. గుండెపోటు, పక్షవాతం, గడ్డలు మందు లేనివాళ్లకూ వీళ్లకూ దాదాపు సమానం, నూటికి పద్నాలుగు దగ్గర. అయితే ఏ మాత్రం తేడా లేదని గట్టిగా రుజువు కాలేదని కూడా వాళ్లే రాశారు. కాబట్టి మీ ఈసీజీ, ఎకో చూసి, మీ గుండె డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయిస్తాం. నా మొగ్గు అయితే ఇవ్వడం వైపే. మీలాంటివాళ్లకు రక్తం పోయి హిమోగ్లోబిన్ పడిపోతే గుండెకు అదే పెద్ద దెబ్బ.

(ఇంకొకరు: రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకుంటే ఖర్చు, తిప్పలు తగ్గుతాయి కదా?)

తగ్గుతాయి, రక్తం మాత్రం రెండింతలకు దగ్గరగా పోతుంది. హిమోగ్లోబిన్ పదమూడు ఉండి గుండె గట్టిగా ఉంటే, ఈ మందు తోడుతో చేయవచ్చు. హిమోగ్లోబిన్ పది ఉండి, డెబ్బై అయిదేళ్లు ఉండి, రెండూ ఒకేసారి అంటే నేను ఒప్పుకోను. అలాంటివాళ్లకు ఒక్క కాలే చేసినా రక్తం సిద్ధంగా పెట్టుకోమంటాను. సిద్ధంగా పెట్టుకున్నాం కదా అని ఎక్కించేయం. ఎముకల ఆపరేషన్ తర్వాత మామూలుగా హిమోగ్లోబిన్ ఎనిమిది కంటే కిందికి పోతేనే, లేదా ఆయాసం, గుండెదడ ఉంటేనే. "తెచ్చిన రక్తం వేస్ట్ అవుతుంది, ఎక్కించండి మేడమ్" అంటారు. వేస్ట్ కాదు, ఇంకొకరికి పోతుంది.

(ఒకావిడ: మా కోడలికి నెలసరిలో ఎక్కువ పోతుందని డాక్టరమ్మ గోలీలు రాసింది. ఆ చీటీ మీద ఇదే పేరు ఉంది. ఇంట్లో కొన్ని మిగిలాయి. ఆపరేషన్ ముందు రోజు నేను వేసుకోనా?)

(నవ్వులు) మందు అదే అమ్మా, మీ అనుమానం కరెక్టే. నెలసరిలో రక్తం పోయే రోజుల్లో మాత్రమే వేసుకునేది. మీరు మాత్రం వేసుకోవద్దు. ముందు రోజు వేసుకుంటే ఆపరేషన్ టైమ్‌కు అది ఒంట్లో సరిపడా ఉండదు, పైగా మీ కిడ్నీ రిపోర్టు నేను ఇంకా చూడలేదు. ఆ గోలీల షీటు, మీరు వాడే బీపీ, షుగర్ షీట్లు, నొప్పి గోలీల షీట్లు అన్నీ ఒక సంచిలో వేసుకొని రండి. మీ కోడల్ని కూడా వెంట తీసుకొని రండి, ఆమె హిమోగ్లోబిన్ ఎంతుందో ఎవరైనా చూశారా?